భంతేజీ ముందు కూర్చునేటప్పుడు: గురువు పట్ల మన తీరు, మన కర్మ, మన పుణ్యం

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు బుద్ధవిహారాలకు కొత్తగా వెళ్లేవాళ్లలో రెండు రకాల టెన్షన్ కనిపిస్తుంది. "భంతేజీని (బౌద్ధ భిక్షువును) ఎదురు ప్రశ్న వేస్తే పాపం తగులుతుందేమో" అనేది ఒకటి. రెండోది దానికి పూర్తిగా ఎదురు. "దండాలు, సేవలు అంటూ మొదలుపెడితే మళ్లీ బాబాల దగ్గరికే పోతాం, మనకెందుకీ గోల?" అంటారు. మొదటివాళ్లు భయంతో ఏదీ అడగరు. రెండోవాళ్లు చులకనతో ఏదీ వినరు. ధర్మం ఇద్దరికీ అందదు.

ఇద్దరికీ పనికొచ్చేలా, భంతేజీ ఊరికి రాకముందు నుంచి వెళ్లిపోయాక దాకా ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం పాలి సూత్రాల్లో, అంటే పాలి భాషలో ఉన్న బుద్ధుడి ఉపదేశాల్లో, ఉన్నదే. అక్కడక్కడ నా అభిప్రాయం కూడా ఉంటుంది.

ముందు లెక్క తేల్చుకోండి: పుణ్యం ఎక్కడ పుడుతుంది?

చేతననే కర్మ అంటానని బుద్ధుడు అంగుత్తర నికాయమనే ఉపదేశాల సంకలనంలో సూటిగా చెప్పాడు. చేతన అంటే పని చేయించే మనసులోని ఉద్దేశం. అందుకే గురువు పుణ్యం పంచిపెట్టేవాడు కాదు, పాపం కడిగేవాడూ కాదు. ఆయన చూపు పడితే దశ తిరుగుతుంది, కాళ్లు మొక్కితే కర్మ పోతుంది అన్న మాటలు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే కానీ బౌద్ధం మాత్రం కాదు.

మరి గురువు పట్ల తీరుకు అంత బరువెందుకు? సంఘాన్ని, అంటే భిక్షువుల సమూహాన్ని, పుణ్యక్షేత్రం అంటారు, పుణ్యం పండే చేను అని అర్థం. విత్తనం మీది, చేను సంఘానిది. ఒకే గింజ నల్లరేగడిలో ఎంత పండుతుందో, చెల్కలో ఎంత పండుతుందో మనవైపు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పుచ్చు గింజ వేస్తే మాత్రం ఏ రేగడీ మొలిపించదు. ఇంకో సంగతి, బలమైన చేనులో కలుపు కూడా ఏపుగానే పెరుగుతుంది. శీలవంతుల మీద పెట్టుకున్న ద్వేషం మామూలు ద్వేషం కన్నా బరువైన కర్మ అనేది ఇందుకే. వెంటనే ఫలమిచ్చే ఐదు మహాపాపాల్లో తల్లిని చంపడం, తండ్రిని చంపడంతో పాటు అర్హంతుణ్ణి (లోభ ద్వేష మోహాలు పూర్తిగా పోయినవాణ్ణి) చంపడం, బుద్ధుడి ఒంటి నుంచి రక్తం తెప్పించడం, సంఘాన్ని చీల్చడం ఉన్నాయి. చివరి రెండూ బుద్ధుడికి ఎదురు తిరిగిన భిక్షువు దేవదత్తుడు చేశాడు.

పరీక్షించండి, తొందరపడకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకోవాల్సిన మెట్టు ఇదే. మనవాళ్లు సాధారణంగా దాటేసేదీ ఇదే.

కోసల రాజు పసేనది ఒకసారి బుద్ధుడి పక్కన కూర్చుని ఉన్నాడు. జడలు కట్టినవాళ్లు, దిగంబరులు, గోళ్లూ వెంట్రుకలూ పెంచిన పరివ్రాజకులు గుంపుగా పోతుంటే రాజు లేచి, మోకాలు నేలకు ఆనించి, తన పేరు చెప్పి మరీ దండం పెట్టాడు. "లోకంలో అర్హంతులు ఎవరైనా ఉంటే వీళ్లే కదా?" అని బుద్ధుణ్ణి అడిగాడు. సంసారంలో ఉండేవాళ్లకు ఆ సంగతి తెలుసుకోవడం కష్టమని బుద్ధుడు జవాబిచ్చాడు. అప్పుడు రాజు అసలు విషయం బయటపెట్టాడు. వాళ్లంతా ఆయన గూఢచారులట! పని ముగించుకుని వస్తే స్నానం చేసి, గడ్డం గీయించుకుని, తెల్లబట్టలు కట్టుకుని హాయిగా ఉంటారట.

ఆ సందర్భంలోనే బుద్ధుడు నాలుగు పరీక్షలు చెప్పాడు. శీలం కలిసి ఉంటే తెలుస్తుంది. నిజాయితీ లావాదేవీల్లో తెలుస్తుంది. గట్టిదనం కష్టమొచ్చినప్పుడు తెలుస్తుంది. ప్రజ్ఞ మాట్లాడితే తెలుస్తుంది. అదీ చాలా కాలానికి, గమనించేవాళ్లకు, తెలివితో చూసేవాళ్లకు మాత్రమే.

దీన్ని మన విహారంలో ఇలా వాడుకోండి. ఒక్క ఉపన్యాసం విని తేల్చేయకండి. గొంతు బాగుండటం, శ్లోకాలు గడగడా చదవడం ప్రజ్ఞ కాదు. వంట చేసిన అక్కలతో, టెంట్ వేసిన పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో చూడండి. అనుకున్నంత దానం రాని రోజు ముఖం ఎలా ఉందో గమనించండి. వేరే భిక్షువుల గురించి ఏమంటున్నారో వినండి. తెలియనిది అడిగినప్పుడు "తెలియదు" అనగలుగుతున్నారా? చంకీ సూత్రం కూడా ఇదే వెతకమంటుంది. లోభం, ద్వేషం, మోహం పట్టిన మనసు తెలియనిది తెలుసంటుందా, ఎదుటివాళ్లకు కీడు చేసే పని చేయిస్తుందా అని చూడమంటుంది. వీమంసక సూత్రంలోనైతే బుద్ధుడు తనను కూడా కంటితో చూసి, చెవితో విని పరీక్షించుకొమ్మన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదని అడిగిన కాలాములనే ప్రజలకు చెప్పినప్పుడు "ఈ శ్రమణుడు మా గురువు" అన్న ఒక్క కారణంతో దేన్నీ ఒప్పుకోవద్దన్నాడు. ఇక పరీక్షిస్తే పాపమెలా అవుతుంది?

ఎక్కడ ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) తీసుకున్నారు, ఉపాధ్యాయుడెవరు, ఎన్ని వర్షావాసాలు (వానాకాలంలో ఒకేచోట ఉండే వ్రతాలు) అయ్యాయి అని వినయంగా అడగొచ్చు. భిక్షువులు కలిసినప్పుడు ఎవరు పెద్దో తేల్చుకోవడానికి వర్షావాసాల లెక్క అడుగుతూనే ఉంటారు. సాగర్ నీళ్లలో మునిగిన విజయపురిలో, అదే నాగార్జునకొండలో, మహాచైత్యం (పెద్ద స్తూపం) పని చూసిన ఆనంద భదంతుణ్ణి శాసనం ఎలా పరిచయం చేస్తుందో చూడండి. ఏ ఆచార్యుల శిష్యుడో, దీఘ, మజ్ఝిమ నికాయాలనే ఉపదేశ సంకలనాలు కంఠతా వచ్చినవాడనీ చెబుతుంది. మహిమలేమీ లేవు. ఎవరి దగ్గర నేర్చాడు, ఏం నేర్చాడు, అంతే.

అడిగే ముందు మీ మనసును మాత్రం ఒకసారి తడిమి చూసుకోండి. తెలుసుకోవాలని అడిగితే ఒక కర్మ, నలుగురిలో చిన్నబుచ్చాలని అడిగితే ఇంకో కర్మ. పైకి ప్రశ్న ఒకటే.

దండం పెట్టడం

దీనికి పెద్ద కష్టమేం లేదు. చెప్పులు బయట వదిలి, ఆయన కన్నా కొంచెం కింద కూర్చోండి, కాళ్లు ఆయన వైపు చాపకండి. మోకాళ్లు, మోచేతులు, నుదురు నేలకు తాకేలా మూడుసార్లు వంగండి. మోకాళ్ల నొప్పులుంటే చేతులు జోడిస్తే చాలు. "వందామి భంతే" అంటే ఆయన "సుఖీ హోతు" (సుఖంగా ఉండు) అంటారు.

పుణ్యం తెచ్చే పనులుగా చెప్పే పది పుణ్యక్రియల్లో గౌరవించడం ఒకటి. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఈ పుణ్యం వంగిన నడుముది కాదు, తగ్గిన అహంకారానిది. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో అంబేడ్కర్ చంద్రమణి మహాస్థవిరుల నుంచి త్రిశరణ పంచశీలాలు (బుద్ధ ధర్మ సంఘాల శరణు, ఐదు నియమాలు) తీసుకున్నారు. ఆ వెంటనే తానే లేచి లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. పెద్ద భిక్షువుకు ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చారు, తన ఆలోచనను మాత్రం ఎవరికీ అప్పగించలేదు. దండం పెడితే తక్కువైపోతామనుకునే మన కుర్రాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దానం ఇవ్వడం

మొదట టైమ్ గురించి. భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటాక తినరు. మన ఫంక్షన్లలో రెండు దాటితే గానీ విస్తళ్లు పడవు. కాబట్టి పొయ్యి పొద్దున్నే వెలిగించండి. పదిన్నరకల్లా అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు సిద్ధంగా ఉంటే పదకొండుకు ప్రశాంతంగా వడ్డించొచ్చు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టినా ఏం ఫరవాలేదు, పెద్దపెద్ద వంటలు అక్కర్లేదు. అతిథి ఎమ్మెల్యే రావాలని భోజనం ఆపి, పావు తక్కువ పన్నెండుకు ఉరుకులు పరుగుల మీద వడ్డించడం మాత్రం వద్దు. ఆ హడావుడిలో ఇచ్చేవాళ్ల మనసులో చిరాకు తప్ప ఏమీ ఉండదు.

చిరాకు సంగతి ఎందుకు ఎత్తానంటే, దానం చేసేవాళ్లలో మూడు ఉండాలని సూత్రం చెబుతుంది. ఇవ్వబోయే ముందు సంతోషం, ఇస్తున్నప్పుడు ప్రసన్నత, ఇచ్చాక తృప్తి. మూడోది చాలామందికి జారిపోతుంది. ఇచ్చి వచ్చాక రాత్రి కూర్చుని "వాళ్లు మన పేరు మైకులో చదవలేదు" అని లెక్కలు వేస్తే, పొద్దున వచ్చిన సంతోషం అక్కడే ఆవిరైపోతుంది. బుద్ధుడి బొమ్మ కన్నా దాత ఫొటో పెద్దగా ఉన్న ఫ్లెక్సీల గురించి ఇక చెప్పక్కర్లేదు.

డబ్బు భంతేజీ చేతిలో పెట్టకండి. భిక్షువులు డబ్బు ముట్టుకోకూడదని వినయం (భిక్షువుల క్రమశిక్షణ గ్రంథం) పెట్టిన నియమం. మందులకో, రైలు టికెట్‌కో అని చెప్పి విహార కమిటీకి ఇవ్వండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: "ఆయన శీలం బాగా లేదని తర్వాత తెలిస్తే నా దానం వేస్టేనా?" కాదు. మజ్ఝిమ నికాయంలో దక్ఖిణావిభంగ సూత్రం దీనికోసమే ఉందా అనిపిస్తుంది. బుద్ధుణ్ణి పెంచిన తల్లి మహాపజాపతి గోతమి తన చేతులతో నేసిన బట్టల జత తెచ్చి బుద్ధుడికి ఇవ్వబోతే, సంఘానికి ఇవ్వమన్నాడు. ఆమె మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ అదే జవాబు. తర్వాత దానం నాలుగు రకాలుగా ఎలా శుద్ధి అవుతుందో వివరించాడు. తీసుకునేవాడు శీలం లేనివాడైనా, ఇచ్చేవాడు న్యాయంగా సంపాదించింది ప్రసన్నమైన మనసుతో, కర్మఫలం మీద నమ్మకంతో ఇస్తే, ఆ దానాన్ని ఇచ్చేవాడి శీలమే శుద్ధి చేస్తుంది. ముందు ముందు పేరుకు మాత్రమే చీవరం (భిక్షువు బట్ట) కట్టిన దుశ్శీలులు వస్తారని, వాళ్లకు కూడా సంఘాన్ని తలచుకుని ఇచ్చిన దానానికి లెక్కలేనంత ఫలం ఉంటుందని కూడా అదే సూత్రంలో ఉంది. అందుకే ఇచ్చేటప్పుడు ఎదురుగా ఉన్న మనిషితో ఆగకుండా "సంఘానికి ఇస్తున్నాను" అని మనసులో అనుకోండి. అలాగని మోసమని తెలిసి తెలిసి పోషించడం దానం కాదు, మొహమాటం.

చేతిలో పెద్దగా లేనివాళ్లు దిగులు పడాల్సిన పని లేదు. బుద్ధుడు ఉపాసకుడైన అనాథపిండికుడికి చెప్పిన వేలామ సూత్రంలో దానాలు మెట్లు మెట్లుగా పైకి పోతాయి. వేలామ బ్రాహ్మణుడి మహాదానం కన్నా సరైన దృష్టి ఉన్న ఒక్క మనిషికి పెట్టిన అన్నం మిన్న. ఆ పై మెట్లలో సంఘానికి విహారం కట్టించడం, దానికి మించి ప్రసన్నమైన మనసుతో త్రిశరణం, దానికి మించి పంచశీల, దానికి మించి కాసేపైనా మైత్రి భావన (అందరి మేలు కోరే ధ్యానం) వస్తాయి. అన్నిటికీ పైన చిటికె వేసేంత సేపు అనిత్యాన్ని, అంటే ఏదీ నిలిచి ఉండదన్న సంగతిని, భావించడం. పై మెట్లకు రూపాయి ఖర్చు లేదు.

అడిగి నేర్చుకోండి

సిగాలుడనే గృహస్థుకు బుద్ధుడు చెప్పిన ఉపదేశంలో శిష్యుడు గురువుకు చేయాల్సినవి ఐదున్నాయి. లేచి నిలబడటం, దగ్గర ఉండి కనిపెట్టుకోవడం, నేర్చుకోవాలన్న ఆసక్తి, సేవ, చెప్పింది శ్రద్ధగా అందుకోవడం. మనం మొదటిదానికీ నాలుగోదానికీ తెగ పోటీపడతాం, ఆసక్తి దగ్గర వెనకబడతాం. ధర్మం వినడం కూడా పుణ్యక్రియే. సాగర్ దగ్గరి విపశ్యన ధ్యాన కేంద్రంలో పది రోజుల శిబిరానికి వెళ్లొచ్చినవాళ్లకు ఇది అనుభవమే. అక్కడ ఫీజు లేదు, శిబిరం పూర్తి చేసినవాళ్ల దానంతోనే నడుస్తుంది, సాధనలో సందేహం వస్తే ఆచార్యుల దగ్గరికి వెళ్లి అడగొచ్చు. కాళ్లు మొక్కే తతంగం ఉండదు. అంతమాత్రాన గౌరవం తగ్గిందని ఎవరూ అనుకోరు.

తప్పు కనిపిస్తే

చిన్నప్పటి నుంచి ఏకలవ్యుడి కథ వింటూ పెరిగాం. గురువు అడిగాడు, బొటనవేలు కోసిచ్చాడు, గొప్ప శిష్యుడయ్యాడు. బౌద్ధంలో వేళ్ల కథ వేరేగా ఉంది. తక్షశిలలో చదువుకుంటున్న అహింసకుడి మీద తోటివాళ్లు చాడీలు చెప్పారు. అనుమానపడ్డ గురువు వెయ్యి వేళ్లు గురుదక్షిణగా తెమ్మన్నాడని అట్ఠకథ (పాలి వ్యాఖ్యానం) చెబుతుంది. శిష్యుడు మాట జవదాటలేదు, మనుషుల్ని చంపి వేళ్లు దండగా వేసుకునే అంగులిమాలుడయ్యాడు. తర్వాత బుద్ధుడి దగ్గర భిక్షువై అర్హంతుడైనా, భిక్షకు వెళ్తే రాళ్లు తగిలి తల పగిలి, పాత్ర పగిలి, చీవరం చిరిగి తిరిగొచ్చేవాడు. ఓర్చుకో, ఇది నీ కర్మ ఫలమే అన్నాడు బుద్ధుడు. "గురువు చెప్పాడు కాబట్టి చేశాను" అన్న మాట కర్మ దగ్గర చెల్లలేదు. కాబట్టి పంచశీలకు ఎదురు పోయే పని ఏ గురువు చెప్పినా చేయకండి. కాదన్నందుకు పాపం లేదు, చేస్తేనే ఉంది.

రెండో వైపు కూడా చూడండి. కోకాలికుడనే భిక్షువు బుద్ధుడి ముఖ్య శిష్యులైన సారిపుత్త, మొగ్గల్లానులు దుర్బుద్ధి గలవాళ్లని బుద్ధుడికి ఫిర్యాదు చేశాడు. అలా అనకు, వాళ్లు మంచివాళ్లని బుద్ధుడు మూడుసార్లు చెప్పినా వినలేదు. ఒంటి మీద ఆవగింజంత పొక్కులు లేచి, పెరిగి పెరిగి మారేడుకాయంతై పగిలాయి. చనిపోయి పదుమ నరకంలో పుట్టాడు. ఆ సందర్భంలోనే, మనిషి పుడుతూనే నోట్లో గొడ్డలితో పుడతాడు, చెడు మాటలతో తననే నరుక్కుంటాడన్న గాథ వస్తుంది. గమనించండి, కోకాలికుడు ఫిర్యాదు చేయడం దగ్గర ఆగి ఉంటే కథ వేరేగా ఉండేది. చూసింది ఏమీ లేకుండా, సరిదిద్దినా వినకుండా పగ పట్టుకోవడమే అతని కర్మ. ఎవరో పంపిన ఆడియోను ఒక భంతేజీ గురించి పది వాట్సాప్ గ్రూపుల్లోకి తోసేముందు కోకాలికుణ్ణి ఒక్కసారి తలచుకోండి.

నిజంగానే తప్పు ఉంటే? కోసంబిలో భిక్షువులు ఒక చిన్న నియమం మీద రెండు ముఠాలై కొట్లాడుకున్నారు. బుద్ధుడు చెప్పినా వినలేదు. ఆయన విసిగి వెళ్లిపోయాడు. అప్పుడు ఊళ్లో ఉపాసకులు తిట్టలేదు, రాళ్లు వేయలేదు. దండం పెట్టడం మానేశారు, భిక్ష వేయడం మానేశారు. కొన్నాళ్లకు భిక్షువులే సావత్థికి వెళ్లి రాజీ పడ్డారు. ఆ ఉపాసకులకు పాపం వచ్చిందని ఎక్కడా లేదు. పైగా అంగుత్తర నికాయం ఎనిమిదో నిపాతంలో (భాగంలో), గృహస్థులకు కీడు తలపెట్టే, తిట్టే, తగవులు పెట్టే, బుద్ధ ధర్మ సంఘాలను నిందించే, వెళ్లకూడని చోటికి వెళ్లే భిక్షువు మీద తమకు విశ్వాసం లేదని ఉపాసకులు ప్రకటించవచ్చని స్పష్టంగా ఉంది. దాని పక్క సూత్రంలోనే, భిక్షువులను అకారణంగా దూషించే ఉపాసకుడి ఇంట భిక్ష తీసుకోకుండా సంఘం పాత్ర బోర్లించవచ్చని కూడా ఉంది. రెండు వైపులా కట్టుబాటే.

చేసే పద్ధతి ఇది. ముందు ఆయనతోనే ఒంటరిగా, సరైన సమయంలో, నెమ్మదిగా చెప్పండి. మారకపోతే ఆయన ఉపాధ్యాయుడికో, పెద్ద భిక్షువులకో చెప్పండి. ఆపైన కోసంబి పద్ధతి. డబ్బు మోసమో, ఆడవాళ్లతో పిల్లలతో తప్పుడు ప్రవర్తనో అయితే ఈ వరుస అక్కర్లేదు, నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లండి. ఇంకొకరికి హాని జరగకుండా ఆపాలన్నది మంచి చేతన. చీవరానికి భయపడి నోరు మూసుకోవడం సంఘానికి సేవ కాదు.

వజ్రయానంలో, అంటే టిబెట్ వైపు తాంత్రిక బౌద్ధంలో, లెక్క కొంచెం గట్టిది. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా ఇచ్చిన కాలచక్ర లాంటి అభిషేకం (తాంత్రిక దీక్ష) తీసుకుంటే, గురువును తృణీకరించడం పద్నాలుగు మూల పతనాల్లో (దీక్ష మాట తప్పే పెద్ద తప్పుల్లో) మొదటిది. అందుకే అక్కడ పరీక్ష అభిషేకానికి ముందే పూర్తి కావాలంటారు. మనవైపు జనం ఉచిత భోజనం, గుంపు చూసి అభిషేకాలకు కూర్చోవడం నాకు నచ్చదు. తీసుకున్న మాట ఏమిటో తెలుసుకుని కూర్చోండి.

ఒక్కరికే అతుక్కుపోకండి

ఒకే వ్యక్తి మీద పెట్టుకున్న నమ్మకంలో ఐదు ప్రమాదాలున్నాయని బుద్ధుడు చెప్పాడు. ఆ భిక్షువు మీద సంఘం చర్య తీసుకోవచ్చు, చివరి వరుసలో కూర్చోబెట్టవచ్చు, వేరే ఊరు పోవచ్చు, చీవరం విడిచిపెట్టవచ్చు, చనిపోవచ్చు. అప్పుడు ఈ ఉపాసకుడు మిగతా భిక్షువుల దగ్గరికి పోడు, ధర్మం వినడు, మెల్లగా జారిపోతాడు. ఏ భంతేజీ రాని నెలల్లో కూడా ఇంట్లో త్రిశరణం, పంచశీల ఆపకండి. వీలైతే ఫణిగిరి గుట్ట ఎక్కి స్తూపానికి ప్రదక్షిణ చేసి రండి.

నోరు జారితే

ఒక భిక్షువు సారిపుత్తుడు తనను తాకి, క్షమాపణ అడగకుండా పోయాడని బుద్ధుడికి అబద్ధపు ఫిర్యాదు చేశాడు. విచారణ అయ్యాక అతనే బుద్ధుడి కాళ్ల మీద పడి తప్పు ఒప్పుకున్నాడు. సారిపుత్తుడు క్షమించి, "నావల్ల ఏదైనా తప్పుంటే మీరూ క్షమించండి" అన్నాడు. మీరూ ఇంతే చేయండి. ఏమన్నారో ఆ మాట చెప్పి, క్షమాపణ అడగండి. పది మంది ముందు అన్నది పది మంది ముందే వెనక్కి తీసుకోండి. ఆయన లేకపోతే బుద్ధ విగ్రహం ముందు ఒప్పుకుని, ఇక ముందు అలా చేయనని నిర్ణయించుకోండి. కుమిలిపోవడం వల్ల చేసింది చెరిగిపోదు. ఆ పని మానేసి, మైత్రి పెంచుకుంటే పరిమితమైన కర్మ దాని ముందు నిలవదని సంఖ సూత్రంలో ఉంది.

మరీ భయపడకండి కూడా. పూర్వజన్మలో జోతిపాలుడిగా ఉన్నప్పుడు బుద్ధుడే తనకు ముందటి బుద్ధుడైన కస్సప బుద్ధుణ్ణి "ఆ బోడిగుండు శ్రమణుణ్ణి చూస్తే ఏమొస్తుంది?" అన్నాడు. స్నేహితుడైన కుమ్మరి ఘటీకారుడు తల స్నానం చేసిన జుట్టు పట్టుకుని మరీ తీసుకెళ్లాడు. జోతిపాలుడు ధర్మం విని అక్కడే భిక్షువయ్యాడు. ఆ మాట ఫలమే ఉరువేలలో ఆరేళ్ల కఠోర తపస్సు అని అపదానమనే పాలి గ్రంథం చెబుతుంది. ఫలం అనుభవించాడు, బుద్ధుడూ అయ్యాడు.

పుణ్యం పంచండి

భోజనాలయ్యాక నీళ్లు పోస్తూ పుణ్యానుమోదన (చేసిన పుణ్యాన్ని ఇతరులకు పంచడం) చేస్తారు. ఆ సమయంలో ఫోన్ చూసుకోకండి, పేర్లు తలచుకోండి. నాగార్జునకొండలో బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, పుట్టింటి, మెట్టింటి బంధువులను వరసగా పేరుపెట్టి తన పుణ్యంలో చేర్చింది. మహాచైత్యానికి స్తంభం నిలిపిన చాంతిశ్రీ పుట్టింటి, మెట్టింటి రెండు వంశాల మేలు కోరింది. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఆడవాళ్లు రాతి మీద చెక్కించిన పద్ధతే ఇది. మీకు పడనివాళ్ల పేర్లు, మీతో వాదన పెట్టుకున్న భంతేజీ పేరు కూడా కలపండి. ఎవరైనా దానం చేస్తుంటే "సాధు, సాధు, సాధు" అని సంతోషించడం కూడా పుణ్యమే.

ఆ తర్వాత వెనకవైపుకు వెళ్లి గిన్నెలు తోమేవాళ్లకు సాయం పట్టండి. పది పుణ్యక్రియల్లో సేవ కూడా ఉంది, అక్కడ ఎప్పుడూ మనుషులు తక్కువే ఉంటారు.